పచ్చముద్ర

స్వాతి కార్తె, రెండో రోజు. ఉదయం

తిండి నమూనాలు ముప్పై. ఏ పరీక్ష పళ్ళెంలోనూ క్రిమి మొలవలేదు. ముప్పై పెట్టెల మీదా పచ్చముద్ర వేసి పెద్దవంటింటికి పంపాను.

తొమ్మిదేళ్ళుగా ఈ చిట్టాలో నేను రాస్తున్నది దాదాపు ఇదే. క్రిములను చంపే కిరణాల గదిలోంచి బయటికొచ్చిన తిండిలో బతికి ఉన్న క్రిమిని నేనింతవరకు చూడలేదు. తేలుపేటలో పదకొండు వందల నలభై మందిమి. అందరికీ ఒకటే వంటిల్లు. తిండి పడక వాంతి చేసుకున్న మనిషి లేడు. ఒడ్డు నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు ఊరి పేరు విని తేళ్ళుంటాయా అని అడుగుతారు. నీళ్ళ మీద తేలేది కాబట్టి తేలుపేట అని చెప్పి నవ్వుతాం.

ఇవాళ ఎవరికీ నవ్వే తీరిక లేదు. తుపాను ముదురుతోంది. నిన్నటి కెరటాలకు మా తిండి పెరిగే మూడు నాచు తొట్లూ పగిలాయి. వారం దాకా పడవ పంపలేమని ఒడ్డు నుంచి రేడియోలో చెప్పారు. వంటింటి పెద్ద బసవమ్మక్క చల్లగదిలోని చేపముద్ద పొట్లాలు తీయించింది. చేపా నాచుపిండీ కలిపి గాలి చొరకుండా మూసిన పొట్లాలవి. పేట అడుగున, నీళ్ళలో వేలాడే గదిలో నెలల తరబడి దాస్తాం. వడ్డించే రోజున కిరణాల గదిలో పెట్టి తీస్తాం, అంతే. ఉడకబెట్టడం లేదు. పాత పేట నిప్పంటుకుని కాలిపోయినప్పటి నుంచి మాలో ఎవరింట్లోనూ పొయ్యి లేదు.

మామూలు రోజుల్లో ఆ పొట్లాలు తినేది నీళ్ళలోకి దిగే గజ ఈతగాళ్ళు మాత్రమే. ఇవాళ ఉదయం ఊరంతా తిన్నది. నేనూ తిన్నాను. మా అమ్మాయి మౌక్తిక ఇంకాస్త కావాలని అడిగి పెట్టించుకుంది.

అదే రోజు. సాయంత్రం

నర్సు రూతమ్మ పిన్ని కబురు పెడితే వెళ్ళాను. ఈతగాడు పోతురాజు మంచం మీద కూర్చుని, తన చేతిని తనే ముందుకీ వెనక్కీ ఆడించి చూసుకుంటున్నాడు. తేలుపేటను కట్టి ఉంచే తాళ్ళన్నీ నీళ్ళలో పట్టి చూసేది అతనే. దున్నపోతులాంటి మనిషి.

"పొద్దున దిగా. తాడు పట్టుకుందామని చెయ్యి చాపితే చేతికి తగల్లా. రెండు తాళ్ళు కనపడుతున్నయ్. ఏది నిజం తాడో తెలీలా" అన్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది.

"తాగాడేమోనని అడిగా" అంది అతని భార్య లంకమ్మ. "ఒట్టేసి చెప్పాడు. మంచినీళ్ళు కూడా మింగలేకపోతన్నాడు."

జ్వరం లేదు. వాంతి లేదు. రూతమ్మ పిన్ని నన్ను గుమ్మం బయటికి తీసుకెళ్ళి, "నిన్న ఏం తిన్నాడో కనుక్కున్నా. చేపముద్ద. నీ పరీక్షలో ఏమన్నా తేలిందా?" అని అడిగింది.

"అన్నీ శుభ్రంగా ఉన్నాయి పిన్నీ" అన్నాను.

ఆ మాట నిజమే. అయినా చెబుతుంటే నా గొంతు నాకే వేరే మనిషి గొంతులా వినపడింది.

స్వాతి కార్తె, మూడో రోజు. ఉదయం

ఇంకో ఇద్దరు ఈతగాళ్ళు మంచాన పడ్డారు. గంగాధరం, అతని తమ్ముడు. ముగ్గురికీ కనురెప్పలు వాలిపోయాయి. వేలితో ఎత్తితే తప్ప తెరుచుకోవు. పోతురాజు మెడ నిలవడం లేదు. తెలివి మాత్రం పూర్తిగా ఉంది. పిలిస్తే వేలు కదుపుతాడు. పై నుంచి కిందికి ఒక్కొక్క అవయవమే ఆరిపోతోంది.

రూతమ్మ పిన్ని తన పాత పుస్తకం తెరిచి ఒక పేజీ నా ముందు పెట్టింది. గాలి తగలని తిండిలో పెరిగే ఒక క్రిమి విడిచే విషం. నరాలను పట్టేస్తుంది. చివరికి ఊపిరి తీసే కండరాలు ఆగిపోతాయి. చిటికెడు చాలు. రంగు ఉండదు, చాలాసార్లు వాసన కూడా ఉండదు. తిన్న మర్నాడు మొదలవుతుంది, కొందరికి మూడు నాలుగు రోజులు పడుతుంది.

"విరుగుడు మందు ఒడ్డునే ఉంది" అంది. "మన దగ్గర ఊపిరి సంచులు రెండే రెండు. చేత్తో నొక్కుతూ ఉండాలి."

నేను లెక్క వేసుకున్నాను. ఊరంతా తిన్నది నిన్న ఉదయం. అంటే మిగతావాళ్ళకు ఇవాళ మొదలు కావాలి.

పరీక్ష గదికి పరుగెత్తుకొచ్చి నిన్నటి పళ్ళేలన్నీ మళ్ళీ చూశాను. అద్దంలా ఉన్నాయి. ఒక్క చుక్క కూడా మొలవలేదు. ఇంత శుభ్రమైన పళ్ళేలను నమ్మలేకపోవడం ఇదే మొదటిసారి.

అదే రోజు. మధ్యాహ్నం

చల్లగదిలోకి నేనే దిగాను. కిరణాల గదికి ఇంకా వెళ్ళని పొట్లాలు కావాలి నాకు. రెండో వరుసలో నాలుగు పొట్లాలు కొద్దిగా ఉబ్బి ఉన్నాయి. తడిమితే తప్ప తెలియదు. రెండు జతల తొడుగులు వేసుకుని, గాజు పెట్టెలో పెట్టి ఒకటి కోశాను. చుక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టాను.

కడ్డీల్లాంటి క్రిములు. ఒక చివర ఉబ్బి, చిన్న చిన్న గరిటెల్లా ఉన్నాయి. లెక్కకు అందనన్ని. పుస్తకంలో బొమ్మ సరిగ్గా ఇలాగే ఉంది.

అప్పుడు అర్థమైంది. క్రిమి పెరిగింది చల్లగదిలో. విషం కక్కింది అక్కడే. ఆ తరవాత కిరణాల గదిలో క్రిమి చచ్చింది, విషం అలాగే ఉంది. నేను చూసేది ఆ గది దాటి వచ్చిన తిండిని. బతికిన క్రిమి ఉందా అని మాత్రమే చూస్తాను. లేదు కాబట్టి పచ్చముద్ర వేస్తాను.

ఇక్కడ దాచకుండా రాయాల్సినవి రెండున్నాయి. ఎవరు చదివినా సరే.

ఒకటి. చల్లగది నాలుగు డిగ్రీలు దాటకూడదు. ఈ ఏడు సముద్రం వేడెక్కింది. రెండు నెలలుగా ఆ గది పన్నెండు చూపిస్తోంది. నాకు తెలుసు. ఎలాగూ కిరణాల గది ఉందిలే అనుకున్నాను.

రెండు. విషాన్ని పట్టే కాగితపు పట్టీలు నాలుగు నెలల కిందటే అయిపోయాయి. పంపమని ఒడ్డుకు ఒకసారి రాశాను. రాలేదు. మళ్ళీ రాయలేదు. పరీక్ష కాగితంలో ఆ గడి ఖాళీగా ఉంచితే పెట్టెలు ఆగిపోతాయి, అందుకని రోజూ "సరే" అని రాస్తూ వచ్చాను. తొమ్మిదేళ్ళలో ఎన్నడూ ఏమీ దొరకలేదు కదా అనే ధైర్యం.

ఇంటికి వెళ్ళి మౌక్తికను వెలుతురులో నిలబెట్టాను. పైకి చూడు, పక్కకి చూడు, నా వేళ్ళెన్ని అని అడిగాను. "రెండే. ఎన్నిసార్లు అడుగుతావే?" అంది.

అదే రోజు. సాయంత్రం

పేట పెద్ద శరభయ్య గారి దగ్గరికి బసవమ్మక్కనూ రూతమ్మ పిన్నినీ వెంటబెట్టుకుని వెళ్ళాను. ఇవాళ్టికి మిగిలిన నాచుపిండితో గడిచింది, రేపటి నుంచి చేపముద్ద వడ్డించొద్దని చెప్పాను. పట్టీల సంగతి చెప్పలేదు. నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"మరి ఏం పెట్టమంటావ్?" అన్నారాయన. "తొట్లు పోయినయ్. పడవ రాదు. చంటిపిల్లలకి పాలపొడి ఉంది, మిగతావాళ్ళ సంగతేంటి? కడుపుతో ఉన్నోళ్ళు పదిమంది. గాలికి తాళ్ళు తెగకుండా చూసే మగాళ్ళు తినకుండా ఎన్నాళ్ళు నిలబడతారు?"

"తింటే ఎవరు పోతారో తెలీదండీ" అన్నాను. "ఏ పొట్లంలో ఉందో కనిపెట్టే దారి లేదు."

"విషమని బయట పెడితే జనం ఊరుకుంటారా? ఈ గాలిలో పడవలు విప్పుకుని ఒడ్డుకి బయల్దేరతారు. సరుకు అయిపోయిందని చెబుదాం."

రూతమ్మ పిన్ని పుస్తకం ఆయన వైపు తిప్పింది. "ఇక్కడ ఇంకో ముక్క ఉంది. ఈ విషం వేడికి ఆగదంట. బాగా మరిగితే విరిగిపోద్దంట."

మరిగించడం అనే మాట మా ముగ్గురికీ పుస్తకంలోదే. బసవమ్మక్క ఒక్కతే తలెత్తింది.

"మా నాయనమ్మ ఏదైనా సరే తెర్లబెట్టనిదే పెట్టేది కాదు" అంది. "మనకి మంచినీళ్ళు తీసే బాయిలర్ ఉందిగా. నిప్పు బయటికి కనపడదు. దాంట్లో నీళ్ళు పోసి ఈ ముద్దంతా జావలాగా కలిపి అరగంట కుతకుతా ఉడకనిస్తే?"

"విరిగిందని ఎట్టా తెలుసుద్ది?" అన్నారు శరభయ్య గారు నా వైపు చూస్తూ.

పట్టీలుంటే నిమిషంలో చెప్పేదాన్ని.

"తిని చూడాలి" అన్నాను.

స్వాతి కార్తె, నాలుగో రోజు. ఉదయం ఆరు గంటలు

ఉబ్బిన నాలుగు పొట్లాల్లో మిగిలిన మూడూ తెచ్చాను. నిక్షేపంగా ఉన్న పొట్లం తిని బతికితే దానివల్ల తేలేదేమీ లేదు. బసవమ్మక్క గడియారం చూస్తూ అరగంటకు పైగా ఉడికించింది. నా వంతు గిన్నెలో పోస్తుంటే ఆవిడ చెయ్యి ఒక్కసారి ఆగింది.

"నేను అరవై దాటిందాన్ని. నీకు ఆడపిల్లుంది. నేను తింటానే" అంది.

"వద్దక్కా. నేనే తినాలి" అన్నాను. ఎందుకో ఆవిడ అడగలేదు. నేను చెప్పలేదు.

తిన్నాను. ఉప్పు తక్కువైంది. రేపు సాయంత్రం ఆరు దాకా, అంటే ముప్పై ఆరు గంటలు చూడాలని రూతమ్మ పిన్ని లెక్క. అప్పటికీ పూర్తి భరోసా లేదు. అంతకు మించి ఆగితే పిల్లలు ఆగలేరు.

ఉదయం తొమ్మిది

కిటికీకి ఒకటే ఊచ. ఒకటిగానే కనపడుతోంది.

మొన్నటి వడ్డనలో తిన్నవాళ్ళలో నలుగురు మంచాన పడ్డారు. మౌక్తిక బాగానే ఉంది. ఆకలని ఏడుస్తోంది. ఆ ఏడుపు గట్టిగా వినపడుతున్నంతసేపూ గొంతు పనిచేస్తున్నట్టే కదా అని ఏడవనిచ్చాను.

పదకొండు

గంగాధరం పోయాడు. పోతురాజుకీ గంగాధరం తమ్ముడికీ తెల్లవారక ముందే ఊపిరి ఆగిపోతే సంచులు వాళ్ళకు పెట్టారు. మూడో సంచి లేదు. రూతమ్మ పిన్ని నోటితో ఊదింది. ఆవిడ సొమ్మసిల్లి పడిపోతే ఇంకొకరు ఊదారు. లాభం లేకపోయింది. అతనికి ముప్పై ఒక్కటి.

మధ్యాహ్నం రెండు

ఊచ ఒకటే. చేతి పట్టు బాగానే ఉంది.

పోతురాజు సంచి నొక్కే వంతు తీసుకున్నాను. లంకమ్మ వదిన నిన్నటి నుంచి అక్కడే ఉంది. కాసేపు నడుం వాల్చమని పక్క గదికి పంపారు. గదిలో నేనూ అతనూ మిగిలాం. నొక్కితే ఛాతీ లేస్తుంది, వదిలితే దిగుతుంది. కళ్ళు మూతపడి ఉన్నాయి. అన్నీ వినపడతాయి అతనికి.

"పోతురాజన్నా, నేను నాంచారిని" అన్నాను. "పట్టీలు అయిపోయి నాలుగు నెలలైంది. చూడకుండానే చూసినట్టు రాశాను. గది వేడెక్కిందని తెలిసి కూడా ఊరుకున్నాను."

నొక్కుతూనే ఉన్నాను. అతని కుడిచేతి చూపుడువేలు దుప్పటి మీద కొద్దిగా కదిలింది. తిట్టాడో, విన్నానన్నాడో, ఏమీ కాదో. ఈ సంగతి తెలిసిన మనిషి ఊపిరి నా చేతిలోనే ఉందని అప్పుడు తట్టింది. అలాంటిది నాకు తట్టినందుకే నా మీద నాకు భయం వేసింది. లంకమ్మ వదినను కేకేసి పిలిచాను. తను వచ్చేదాకా లెక్క తప్పకుండా, పైకే లెక్కపెడుతూ నొక్కాను.

సాయంత్రం నాలుగు

నోరు ఎండిపోతోంది.

పుస్తకంలో మొదటి లక్షణాల్లో అదొకటి. నీళ్ళు తాగాను. మళ్ళీ ఎండింది. అద్దం ముందు కూర్చుని రెప్పలు చూసుకుంటున్నాను. ఎడమది కాస్త కిందికి ఉందా? ఎప్పుడూ అలాగే ఉంటుందా? ముప్పై ఎనిమిదేళ్ళుగా ఈ ముఖాన్ని చూస్తున్నాను. ఇంత మాత్రం చెప్పలేకపోతున్నాను.

రూతమ్మ పిన్ని దీపం వేసి నా కళ్ళలోకి చూసింది. "నల్లగుడ్డు బాగానే ముడుచుకుంటంది. భయానికీ నోరెండుద్దే పిల్లా" అంది. నా పేరు చెప్పమంది. నూరు నుంచి వెనక్కి లెక్కపెట్టమంది. ముద్దగా పలికానా అని ప్రతి అంకె దగ్గరా ఆగి ఆవిడ ముఖంలోకి చూశాను.

స్వాతి కార్తె, ఐదో రోజు. ఉదయం

మెలకువ రాగానే కళ్ళు తెరవడానికి జంకాను. తెరుచుకున్నాయి. ఊచ ఒకటే. మింగితే గొంతు దిగుతోంది.

కొత్తగా పడినవాళ్ళు లేరు. మొత్తం ఏడుగురు, ఒకరు పోయారు. ఊరికి ఇది రెండో ఉపవాసం రోజు. సరుకు అయిపోయిందన్న మాటను ఎవరూ నమ్మలేదు. వంటింటి తలుపు బాదుతున్నారు. ఎక్కడిదో ఒక పొట్లం సంపాదించి పచ్చిదే తినబోయిన వాణ్ణి బసవమ్మక్క చెంప మీద కొట్టి లాక్కుంది. ఎందుకు కొట్టావని అందరూ ఆవిడ మీద పడ్డారు. ఎందుకో చెప్పే స్వేచ్ఛ ఆవిడకు లేదు.

అదే రోజు. సాయంత్రం ఆరున్నర

ముప్పై ఆరు గంటలు దాటాయి. నిలబడే రాస్తున్నాను.

బాయిలర్‌లో ఊరందరికీ సరిపడా పొట్లాలు ఉడికాయి. వరసలో నిలబడమని గంట కొట్టారు. శరభయ్య గారు సరుకు దొరికిందని చెప్పబోతుంటే నేను అడ్డం వెళ్ళాను. ఇంకో అబద్ధం మీద వీళ్ళకు తిండి పెట్టడం నావల్ల కాలేదు. గట్టిగా పట్టుకోవడానికి వడ్డించే గరిటె తప్ప ఏమీ దొరకలేదు.

"ఇది ఆ చేపముద్దే" అన్నాను. "దీంట్లో విషం ఉంది. గంగాధరం దీనివల్లే పోయాడు. ఉడకబెడితే విరుగుతుందని పుస్తకంలో ఉంది. నిన్న పొద్దున నేను తిన్నాను. అన్నిటికన్నా పాడైన పొట్లాలు ఉడికించుకుని తిన్నాను."

అరుపులు. నేను ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేను.

"ముందే పట్టుకోవాల్సింది నేను. పట్టీలు లేకుండానే నాలుగు నెలలు సరే అని రాశాను. ఆ పెట్టెల మీద పచ్చముద్ర నాది."

అరుపులు ఆగిపోయాయి. గంగాధరం తల్లి అక్కడే ఉంది. ఆమె నన్ను చూడలేదు, నేల చూసింది. ఒకరిద్దరు గిన్నెలు కింద పెట్టేశారు. ఎవరూ ముందుకు రాలేదు. జావ మీద ఆవిరి ఆరిపోతోంది. పిల్లలు తల్లుల చీరలు పట్టుకుని దాని వైపే చూస్తున్నారు. వాళ్ళ వెనకెక్కడో మౌక్తిక ఉంది. నేను చెప్పిందంతా విన్నది.

వరస చివరి నుంచి లంకమ్మ వదిన నడిచి వచ్చింది. రెండు రోజులుగా సంచి నొక్కి నొక్కి ఆమె కుడి మణికట్టు వాచిపోయింది. గిన్నె ఎడమ చేత్తో చాపింది.

"తిని ముప్పై ఆరు గంటలైందా?"

"అయింది వదినా."

"ఏదీ, నీ కళ్ళు పైకెత్తు."

ఎత్తాను. చాలాసేపు చూసింది.

"జావ పొయ్యి. క్షమించాననుకోమాక. ఆకలేస్తంది. అక్కడ మళ్ళీ సంచి నొక్కాలి" అంది.

పోశాను. అందరి ముందూ నిలబడే తాగింది. గిన్నె ఖాళీ చేసి, కడిగి బోర్లించి, భర్త దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ తరవాత వరస కదిలింది. ఒక్కొక్కరే వచ్చారు. ప్రతి గిన్నెలో పోసేటప్పుడూ నాకు భయం వేసింది. ఒక్కరి వంతులోనైనా విరగకుండా మిగిలిన చుక్క ఉందేమోనని. ఆరు వందల దాకా లెక్కపెట్టి మానేశాను.

స్వాతి కార్తె, ఎనిమిదో రోజు. మధ్యాహ్నం

పడవ వచ్చింది. విరుగుడు మందు, ఊపిరి యంత్రం ఒకటి, కాగితపు పట్టీలు రెండు పెట్టెలు. ఉడికిన జావ తిన్నవాళ్ళలో ఒక్కరూ పడిపోలేదు. ఒడ్డు నుంచి వచ్చిన డాక్టరు, మందు ఇంకా పాకని విషాన్నే ఆపుతుందనీ, పట్టేసిన నరాలు వాటంతట అవే కోలుకోవాలనీ చెప్పాడు. వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. యంత్రం గంగాధరం తమ్ముడికి పెట్టారు. వాళ్ళింట్లో ఇంకొకరు పోకూడదని లంకమ్మ వదినే చెప్పిందట. పోతురాజుకు సంచే.

శరభయ్య గారు నా విచారణకు తేదీ వేశారు. అంతవరకు పరీక్షలు నేను చేయాలి, ప్రతి కాగితం మీదా బసవమ్మక్క కూడా సంతకం పెట్టాలి. ఆవిడకు సూక్ష్మదర్శిని చూడటం నేర్పుతున్నాను. "ఈ గరిటెలేంటే, ఇంత ముద్దుగా ఉన్నయ్" అని దడుచుకుంది.

విశాఖ కార్తె, ఐదో రోజు. ఉదయం

పట్టీలతో నలభై పొట్లాలు చూశాను. తొమ్మిదింటిలో విషం. అన్నీ రెండో వరుసవే. సున్నం కలిపి పూడ్చడానికి ఒడ్డుకు పంపాం. చల్లగది మూసేశాం.

నమూనాల కాగితం ఇవ్వడానికి రూతమ్మ పిన్ని దగ్గరికి వెళ్ళాను. పోతురాజు గది తలుపు తీసి ఉంది. లంకమ్మ వదిన సంచి మీద నుంచి చెయ్యి తీసేసి కూర్చుని ఉంది. పోతురాజు పోయాడనుకున్నాను. తరవాత ఆమె మాట వినపడింది.

"ఒకటి."

దుప్పటి లేచింది. ఎవరూ నొక్కడం లేదు.

"రెండు."

నేను గుమ్మం పక్కన గోడకు ఆనుకున్నాను. లోపలికి వెళ్ళే ముఖం నాకు లేదు. మూడు అంటే నేనూ లోపల్లోపల మూడు అనుకున్నాను. నాలుగు. ఐదుకు చాలాసేపు పట్టింది. ఆరు. ఏడు అని ఆమె అంది గానీ దుప్పటి లేవలేదు. నా చేతిలోని కాగితం నలిగిపోయింది. ఆమె సంచి అందుకుని మళ్ళీ నొక్కడం మొదలుపెట్టింది.

"నిన్న నాలుగే" అంది, తల తిప్పకుండా. నేనున్నానని ఆమెకు మొదటి నుంచీ తెలుసు.

నేను కదల్లేదు.

"బయట నిలబడి లెక్కపెడితే ఎవడికి లాభం?" అంది. "లోపలికి రా. నా చెయ్యి లాగేస్తంది. పట్టుకో."

కాగితం గుమ్మంలో పెట్టి లోపలికి వెళ్ళాను. ఆమె చెయ్యి తీయకముందే నా చెయ్యి సంచి మీద వేశాను. ఒక్క ఊపిరి కూడా తప్పలేదు.